నీళ్లు నింపకముందే వేళ్లు: మొక్కల అక్వేరియంలో డ్రై స్టార్ట్ పద్ధతి

మొక్కల అక్వేరియంలో నష్టం ఎక్కువగా జరిగేది మొదటి నాలుగైదు వారాల్లోనే. నాటిన చిన్న మొక్కలు మట్టిలోంచి ఊడి పైకి తేలిపోతాయి, ఆకులు పలచబడి గాజులా మారి కరిగిపోతాయి, కరిగిన ఆకుల మీద గోధుమరంగు ఆల్గే పేరుకుంటుంది, కొత్త మట్టి వదిలే అమోనియా ఆ ఆల్గేకు మేతగా మారుతుంది. ట్యాంకులో మట్టి పరచి, మొక్కలు నాటి, నీళ్లు నింపకుండా మట్టిని తడిగా మాత్రమే ఉంచి కొన్ని వారాలు పెంచి, వేళ్లు బాగా పట్టాక నింపే పద్ధతి ఈ నష్టాన్ని తగ్గించే మార్గంగా వాడుకలోకి వచ్చింది. అక్వేరియం మొక్కల పెంపకంలో పేరున్న టామ్ బార్ దీనికి విస్తృత ప్రచారం కల్పించారు. అభిరుచి గలవారు సాధారణంగా దీనిని డ్రై స్టార్ట్ అనే పేరుతో పిలుస్తారు.

ఈ పద్ధతి వల్ల ఏం దక్కుతుంది, ఏం దక్కదు అన్నది స్పష్టంగా తెలియకపోవడం వల్లనే చాలామంది దీనితో నిరాశపడుతున్నారు. నీటిలో నాటిన మొక్క ఒకేసారి రెండు పనులు చేయవలసి ఉంటుంది: కొత్త మట్టిలో వేళ్లు వేయడం ఒకటి, నీటికి తగిన కొత్త ఆకులు తయారు చేసుకోవడం రెండవది. ఈ రెండింటికీ కావలసిన పిండిపదార్థం మొక్కలో అప్పటికే దాచుకున్న కొద్దిపాటి నిల్వలోంచే రావాలి. డ్రై స్టార్ట్ చేసేదల్లా ఈ రెండు పనులను కాలంలో విడదీయడమే. ముందు వేళ్లు, ఆ తరువాత ఆకులు. రెండవ పనిని అది రద్దు చేయదు, వాయిదా మాత్రమే వేస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే పద్ధతిలోని మిగతా నియమాలన్నీ ఎందుకున్నాయో తేలికగా అర్థమవుతుంది.

అక్వేరియంలో నాటే మొక్కల్లో చాలా భాగం ప్రకృతిలో పూర్తిగా నీటి మొక్కలు కావు. క్రిప్టోకొరైన్లు ఏరుల ఒడ్డున పెరుగుతూ వర్షకాలంలో మునిగి, నీరు తీసినప్పుడు బయటపడతాయి. బోర్నియో ద్వీపానికి చెందిన బ్యూసెఫలాండ్రాలు వేగంగా పారే సెలయేళ్ల రాళ్లకు అంటుకుని ఉంటాయి. క్యూబాలో దొరికే హెమియాంథస్, ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌ల గ్లోసోస్టిగ్మా వంటివి లోతులేని నీటి అంచుల్లో, బురదలో పరుచుకుంటాయి. వీటికి గాలిలో ఒక రకం ఆకు, నీటిలో మరొక రకం ఆకు పెంచుకునే శక్తి ఉంది. గాలిలో పెరిగిన ఆకుకు నీరు ఆవిరైపోకుండా కాపాడే అవభాసిని పొర, వాయువులు వచ్చిపోయే పత్రరంధ్రాలు, తన బరువు తాను మోయగల గట్టి కణజాలం ఉంటాయి. నీటిలో పెరిగిన ఆకుకు ఇవేవీ పెద్దగా అవసరం లేదు. అది పలచగా, మెత్తగా ఉండి, కరిగి ఉన్న వాయువులను, లవణాలను నేరుగా ఉపరితలం నుంచి తీసుకుంటుంది. ఒక రకం ఆకు రెండవ రకంగా మారదు. పరిసరం మారినప్పుడు మొక్క పాత ఆకును వదిలేసి కొత్తది వేస్తుంది.

నర్సరీల నుంచి వచ్చే మొక్కలు అత్యధికంగా గాలిలో, ఎక్కువ తేమలో పెంచినవే. అలా పెంచితే పెరుగుదల వేగంగా ఉంటుంది, ఆల్గే గానీ నత్తలు గానీ అంటవు, రవాణాలో ఆకులు నలిగిపోవు. టిష్యూ కల్చర్ డబ్బాల్లో, అంటే ప్రయోగశాలలో పోషక జెల్లీ మీద పెంచి, వచ్చే మొక్కలు కూడా మూతపెట్టిన డబ్బాలోని తేమ గాలిలో పెరిగినవే. అంటే కొన్న రోజున మొక్క గాలి రూపంలోనే ఉంటుంది. దానిని వెంటనే నీటిలో ముంచడమా, లేక అదే రూపంలో మరికొన్ని వారాలు పెరగనిచ్చి, విస్తరించి, వేళ్లు బలపడ్డాక ముంచడమా అన్నదే అసలు ప్రశ్న.

రెండవ మార్గంలో మొక్కకు కలిగే మొదటి లాభం కార్బన్ డయాక్సైడ్. నీటిలో ఈ వాయువు విసరణ (తనంతట తాను వ్యాపించడం) గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. ప్రస్తుతం గాలిలో ఇది పది లక్షల భాగాలకు 420కి పైగా ఉంది. ఆ గాలితో సమతౌల్యంలో ఉన్న నీటిలో, 25 డిగ్రీల దగ్గర, లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాములు మాత్రమే కరిగి ఉంటుంది. పైగా మునిగి ఉన్న ప్రతి ఆకును కదలని పలచటి నీటి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ పొరను దాటుకుని వాయువు లోపలికి చేరాలి. సిలిండర్ పెట్టి లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ అందించడం ఈ కొరతను పూరించడానికే. గాలిలో ఉన్న మొక్కకు ఆ ఏర్పాటేదీ అక్కర్లేదు. కిరణజన్య సంయోగక్రియ అడ్డంకి లేకుండా సాగి, తయారైన చక్కెరలో గణనీయమైన భాగం వేళ్లకు చేరుతుంది.

రెండవ లాభం మట్టిలోపల ఉంది. దీని గురించి అంతగా ఎవరూ మాట్లాడరు గాని, ఇది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. తడిగా ఉండి నీట మునగని మట్టిలో రేణువుల మధ్య గాలి ఉంటుంది, వేళ్లకు ఆక్సిజన్ నేరుగా అందుతుంది. నీరు నింపిన మట్టిలో పైపొర కింద ఆక్సిజన్ త్వరగా అడుగంటుతుంది. అక్కడి వేరు బతకాలంటే ఆకుల నుంచి కాండం గుండా కిందికి ఆక్సిజన్‌ను పంపే గాలి గొట్టాల వంటి కణజాలం ఏర్పడాలి, ఆకులు పుష్కలంగా ఆక్సిజన్ తయారు చేస్తూ ఉండాలి. ఆకులు కరిగిపోతున్న మొక్కకు ఈ సరఫరా చేసే స్తోమత ఉండదు. కొత్తగా నింపిన ట్యాంకులో ఆకులతోపాటు వేళ్లు కూడా నల్లబడి కుళ్లడానికి ఇది ఒక ముఖ్య కారణం. తేమ మట్టిలో ముందే దట్టంగా అల్లుకున్న వేళ్లు ఉంటే, నీళ్లు నింపినప్పుడు పాత ఆకులు పోయినా కొత్త ఆకులు వేయడానికి కావలసిన నిల్వ, పోషకాల సరఫరా రెండూ సిద్ధంగా ఉంటాయి.

అమోనియా విషయంలోనూ ఇదే క్రమం పనిచేస్తుంది. పోషకాలు కలిపిన బంకమట్టిని కాల్చి గుళికలుగా తయారు చేసే ఆక్వా సాయిల్ మొదటి వారాల్లో అమోనియాను వదులుతుంది. నీళ్లు నింపిన ట్యాంకులో అది నీటిలోకి చేరి ఆల్గేను రెచ్చగొడుతుంది. తడి మట్టిలోనైతే చాలా వరకు రేణువులకు అంటిపెట్టుకుని ఉండి, కొంత వేళ్ల ద్వారా మొక్కకు చేరుతుంది, కొంత సూక్ష్మజీవుల ద్వారా నైట్రేట్‌గా మారుతుంది. ఈ మార్పు చేసే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ కావాలి కాబట్టి గాలి ఆడే తడి మట్టి వాటికి అనుకూలమైన చోటు. నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా వంటి బ్యాక్టీరియాతోపాటు అమోనియాను ఆక్సీకరించే ఆర్కియాకు (బ్యాక్టీరియాను పోలిన మరో రకం సూక్ష్మజీవులకు) కూడా ఇందులో పాత్ర ఉంది. అమోనియాను నైట్రేట్ దాకా ఒంటరిగా మార్చగల నైట్రోస్పైరా రకాలు ఉన్నాయని 2015లో బయటపడింది. ఈ జీవులు ఎక్కువగా ఉపరితలాలకు అంటుకుని ఉంటాయి గనుక నీళ్లు నింపాక కూడా మట్టిలో చాలా వరకు నిలిచి ఉంటాయి. అయితే ఇక్కడ ఒక అపోహ విస్తృతంగా ఉంది. డ్రై స్టార్ట్ పూర్తయితే ట్యాంకు సైకిల్ కూడా, అంటే అమోనియాను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు చేపలకు సరిపడా స్థిరపడడం కూడా, పూర్తయినట్టే అని కొందరు నమ్ముతారు. మట్టిలో జరిగిన మార్పు ఫిల్టర్‌లో జరగదు. వారాలపాటు ఖాళీగా, పొడిగా ఉన్న ఫిల్టర్ చేపల భారాన్ని మొదటి రోజు నుంచి మోయలేదు.

ఏ మొక్కలకు ఈ పద్ధతి తగినదో ఇప్పుడు చెప్పుకోవచ్చు. నేలంతా పరుచుకునే కార్పెట్ మొక్కలకు ఇది అత్యంత ఉపయోగకరం: హెమియాంథస్ క్యూబా, మాంటే కార్లో, గ్లోసోస్టిగ్మా, హెయిర్‌గ్రాస్, మార్సీలియా, స్టౌరోజైన్ రెపెన్స్. వీటిలో హెమియాంథస్‌కు వేళ్లు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, మొక్క తేలికగా ఉంటుంది. నీటిలో నాటితే చిన్న ప్రవాహానికే లేచిపోతుంది. వేళ్లు పట్టాక అదే మొక్క చాపలా మట్టిని పట్టుకుంటుంది. ఎత్తుగా వాలు కట్టిన మట్టి జారిపోకుండా నిలవాలంటే కూడా ఈ వేళ్ల అల్లికే ఆధారం. రాళ్లకు, మొద్దులకు అంటించే మాస్‌లు (నాచులా పరుచుకునే చిన్న మొక్కలు), అనూబియాస్, బ్యూసెఫలాండ్రా, జావా ఫెర్న్ రెండవ వర్గం. ఇవి మట్టిలో కాక ఆధారాన్ని పట్టుకుని పెరుగుతాయి కాబట్టి అంటుకోవడానికి దొరికే ప్రశాంతమైన వ్యవధి వీటికి మేలు చేస్తుంది. కాకపోతే మాస్‌కు నీటిని ఆపుకునే పొర నామమాత్రం. గాలిలో తేమ ఒక్కరోజు తగ్గినా కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి.

వాలిస్నేరియా, కబోంబా, ఎగేరియా, హార్న్‌వర్ట్ వంటివి పూర్తిగా నీటి మొక్కలు, గాలిలో నిలవవు. వాటిని నీళ్లు నింపిన తరువాతే నాటాలి. కాండంతో నిటారుగా పెరిగే రోటాలా, లుడ్విజియా వంటివి గాలిలో బాగా పెరుగుతాయి గాని, వాటిని నీటిలో కత్తిరించి నాటినా తేలికగానే కుదురుకుంటాయి కాబట్టి వాటి కోసం ఇన్ని వారాలు వేచి ఉండడంలో అర్థం లేదు. కార్పెట్ విత్తనాల పేరుతో అమ్మే పొట్లాల విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. అవి తడి మట్టిలో రోజుల్లోనే మొలిచి ఆకుపచ్చగా కనువిందు చేస్తాయి. కాని వాటిలో చాలా వరకు నేల మీద పెరిగే మొక్కలే గనుక మునిగిన కొన్ని వారాలకు మొత్తం కుళ్లి నీటిని పాడుచేస్తాయి. గాలిలో మొలవడం నీటిలో బతకగలదనడానికి రుజువు కాదు.

ఏర్పాటులో మొదటి నిర్ణయం మట్టి. మునిగి ఉన్న మొక్క నీటిలో కలిపిన ఎరువును ఆకులతో కూడా తీసుకోగలదు. గాలిలో ఉన్న మొక్క ప్రధానంగా వేళ్ల మీదనే ఆధారపడుతుంది. అందుకే పోషకాలున్న ఆక్వా సాయిల్‌లో ఈ పద్ధతి బాగా నడుస్తుంది, ఉత్త ఇసుకలో నీరసంగా సాగుతుంది. ఇసుకే వాడాలనుకుంటే కింద పోషక పొర వేయడమో, వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు పెట్టడమో తప్పనిసరి. టిష్యూ కల్చర్ మొక్కకు అంటుకున్న జెల్లీని గోరువెచ్చని నీటిలో పూర్తిగా కడగాలి, ఎందుకంటే అందులోని చక్కెర బూజుకు విందు. ఆ తరువాత మొక్కల ముద్దను గోరంత భాగాలుగా విడదీసి, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల దూరంలో, ఆకుల కొసలు మాత్రమే పైకి కనిపించేలా సన్నని ట్వీజర్లతో నాటాలి. ఎంత చిన్న భాగాలుగా, ఎంత దగ్గరగా నాటితే నేల అంత త్వరగా నిండుతుంది. ఈ పనిలో పెట్టిన ఓపిక తరువాతి వారాల్లో తిరిగి వస్తుంది.

పద్ధతి మొత్తంలో నైపుణ్యం కావలసింది తేమను సరిగ్గా నిలపడంలోనే. మట్టి అంతా తడిసి ఉండాలి, కాని పైన నీరు నిలవకూడదు. ముందు గాజు పక్కనుంచి చూస్తే నీటిమట్టం మట్టి పైపొరకు కొద్దిగా కింద ఉండడం సరైన గుర్తు. నీరు పైకి వస్తే వేళ్లకు గాలి అందదు, నిలిచిన నీటిలో ఆల్గే మొదలవుతుంది. మట్టిని వెనక ఎత్తుగా వాలు కట్టినప్పుడు వెనక భాగం ఎండుతూ, ముందు భాగం మడుగు కడుతూ ఉంటుంది. ముందు చేరిన నీటిని సిరంజితోనో సన్నని గొట్టంతోనో తీసి, వెనక భాగానికి మాత్రమే స్ప్రే చేయాలి. స్ప్రే పొగమంచులా ఉండాలి. ధారగా కొడితే వాలు కొట్టుకుపోతుంది, నాటిన భాగాలు లేచిపోతాయి. ట్యాంకు పైన పలచటి ప్లాస్టిక్ పొర బిగించి కప్పితే లోపలి తేమ దాదాపు నిండుగా నిలుస్తుంది. రోజుకు ఒకసారి కొన్ని నిమిషాలు కప్పు తీసి గాలి మార్చడం చాలు. దీపం రోజుకు పది గంటల దాకా వెలిగించవచ్చు. నీటిలో ఆల్గేకు భయపడి వెలుగును కుదించే అవసరం ఇక్కడ లేదు. అయితే కప్పిన గాజు పెట్టెలో వేడి బయటికి పోదు. దీపం దగ్గరగా ఉండి లోపలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే లేత మొక్కలు ఉడికిపోతాయి, బూజు విజృంభిస్తుంది. 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచడం మేలు.

బూజు ఈ పద్ధతికి సహజ శత్రువు. కొత్త మొద్దుల మీద తెల్లటి నూగులా కనిపించేది ఎక్కువగా హానిలేనిదే. చెక్కలోని చక్కెరలు అయిపోగానే తగ్గుతుంది. మొక్కల మీద సాలెగూడులా అల్లుకునే బూజు మాత్రం ఒక్కరాత్రిలో చేతి వెడల్పు మేర మొక్కలను చంపగలదు. అది కనిపించిన చోటును చుట్టూ కొంత మట్టితో సహా తీసివేసి, కొన్ని రోజులు కప్పును కొద్దిగా తెరచి ఉంచి, స్ప్రే తగ్గించడమే నమ్మదగిన చికిత్స. మట్టి మీద నీలి ఆకుపచ్చ రంగులో జిగురు పొరలా పరుచుకునేది సయనోబ్యాక్టీరియా. అది వచ్చిందంటే నీరు ఎక్కువైందని, గాలి కదలడం లేదని అర్థం. మట్టి మీద గెంతే సూక్ష్మమైన తెల్ల పురుగులు కొన్నిసార్లు కనిపిస్తాయి. అవి కుళ్లిన పదార్థాన్నే తింటాయి కాబట్టి కంగారు పడనక్కర్లేదు.

ఎంతకాలం ఆగాలి అన్న ప్రశ్నకు నాలుగు నుంచి ఎనిమిది వారాలన్నది స్థూలమైన జవాబు. హెయిర్‌గ్రాస్, మాంటే కార్లో త్వరగా కమ్ముకుంటాయి, మార్సీలియా ఎక్కువ సమయం తీసుకుంటుంది, బ్యూసెఫలాండ్రాకు తొందర అన్నదే లేదు. అయితే క్యాలెండర్ కంటే, పైన కనిపించే పచ్చదనం కంటే వేళ్లే సరైన కొలమానం. గాజు అంచున మట్టిలోకి దిగిన తెల్లటి వేళ్లు కనిపించాలి. మొక్కను ట్వీజర్లతో నెమ్మదిగా లాగితే మట్టి కూడా కలిసి లేవాలి. నేల సగమే నిండినా వేళ్లు ఇలా పట్టి ఉంటే నీళ్లు నింపవచ్చు. పైన దట్టంగా పరుచుకుని వేళ్లు బలహీనంగా ఉన్న పచ్చిక మాత్రం ప్రమాదకరం. మరీ ఎక్కువకాలం ఆగడం వల్ల కూడా నష్టం ఉంది: పొర మీద పొరగా పెరిగిన మొక్కలో కింది ఆకులు వెలుగు అందక పసుపు రంగుకు తిరిగి, మునిగాక మొత్తం చాప ఊడి పైకి లేస్తుంది. నింపడానికి కొన్ని రోజుల ముందు పచ్చికను పొట్టిగా కత్తిరించడం మంచిది. ఎలాగూ పోవలసిన పాత ఆకులు తగ్గితే నీటిలో కుళ్లే పదార్థం కూడా తగ్గుతుంది.

నింపే రోజుకు ముందు కొందరు కప్పును క్రమంగా తీసివేస్తూ మొక్కలను గట్టిపరచాలని సలహా ఇస్తారు. నేల మీదికి మార్చే నారుకు అది సరైన పద్ధతే. ఇక్కడ మొక్క పోయేది పొడిగాలిలోకి కాదు, నీటిలోకి. పొడిగాలి ఆకును మందంగా, అవభాసినిని బలంగా చేస్తుంది, అంటే రాబోయే పరిస్థితికి వ్యతిరేక దిశలో నడిపిస్తుంది. అందువల్ల చివరిరోజు దాకా తేమను నిండుగా ఉంచడమే సమంజసం. నీటిని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచడం కూడా ప్రయోజనకరం కాదు. ఫిల్టర్ తిరగడానికి, కార్బన్ డయాక్సైడ్ సమంగా కలవడానికి పూర్తి మట్టం కావాలి. సగం నిండిన ట్యాంకులో ఆ రెండూ ఉండవు, ఆల్గేకు కావలసిన నీరు మాత్రం ఉంటుంది. మట్టి మీద పళ్లెమో ప్లాస్టిక్ సంచో పరచి, దాని మీద సన్నని ధార పడేలా గంటో రెండు గంటలో తీసుకుని ఒకే రోజు నింపడం ఉత్తమం. వారాలపాటు మట్టిలో పేరుకున్న నైట్రేట్, ఎరువులు మొదటి నీటిలోకి వస్తాయి కాబట్టి ఆ నీటిని తీసివేసి రెండవసారి నింపితే ఇంకా మంచిది.

ఇక్కడే పద్ధతి జయాపజయాలు తేలతాయి. గాలిలో అపారంగా కార్బన్ డయాక్సైడ్ అందుకుంటూ వచ్చిన మొక్కకు నింపిన క్షణం నుంచి అది హఠాత్తుగా కరువవుతుంది. సిలిండర్ ఉన్నవారు మొదటి రోజు నుంచే దానిని పూర్తి స్థాయిలో ఇవ్వాలి, దీపం వెలగడానికి గంట రెండు గంటల ముందే మొదలుపెట్టాలి. చేపలు ఇంకా లేవు గనుక లీటరుకు 30 మిల్లీగ్రాముల స్థాయికి కొంచెం పైన ఉన్నా భయం లేదు. 4 డిగ్రీల కార్బొనేట్ కాఠిన్యం ఉన్న ద్రావణంతో నింపిన డ్రాప్ చెకర్ (నీటిలోని కార్బన్ డయాక్సైడ్ స్థాయిని రంగుతో చూపే చిన్న గాజు పరికరం) లేత ఆకుపచ్చకు తిరగడం ఇందుకు సూచన. సిలిండర్ లేనివారు డ్రై స్టార్ట్‌తో హెమియాంథస్ వంటి మొక్కను నిలబెట్టుకోవచ్చన్న ఆశ చాలాసార్లు భంగపడుతుంది. గాలిలో పరుచుకున్నంత మాత్రాన ఆ మొక్క అవసరాలు మారవు. సిలిండర్ లేని ట్యాంకులో ఈ పద్ధతిని అనూబియాస్‌కు, బ్యూసెఫలాండ్రాకు, జావా ఫెర్న్‌కు, మాస్‌లకు, క్రిప్టోకొరైన్లకు వాడుకోవడం తెలివైన పని; కార్పెట్ కావాలనుకుంటే నెమ్మదిగా పెరిగే మార్సీలియాను ఎంచుకోవచ్చు.

వెలుగును మాత్రం తగ్గించాలి. గాలి దశలో పది గంటలు వెలిగిన దీపాన్ని మునిగిన తరువాత మొదటి రెండు మూడు వారాలు ఆరు గంటలకు పరిమితం చేయాలి, ఎందుకంటే పాత ఆకులు పనిచేయడం మానేసి కొత్తవి ఇంకా రాని ఆ వ్యవధిలో మిగిలిపోయే వెలుగంతా ఆల్గేకే దక్కుతుంది. మొదటి వారంలో రోజు విడిచి రోజు సగం నీటిని మార్చడం, కరుగుతున్న ఆకులను సన్నని గొట్టంతో పీల్చి తీసివేయడం, ప్రవాహం నేల మీదుగా మెల్లగా సాగేలా చూడడం ఇందులో భాగం. క్రిప్టోకొరైన్ ఆకులన్నీ ఒక్కవారంలో కరిగిపోయినా దుంపను పీకి పారేయకూడదు. వేళ్లు గట్టిగా ఉంటే కొద్దివారాల్లో కొత్త ఆకు లేస్తుంది. మాంటే కార్లోలో కొత్త చిగుళ్లు పాతవాటికంటే లేతగా, పలచగా కనిపించడం మొదలైతే మార్పు సవ్యంగా సాగుతున్నట్టు.

ఫిల్టర్ సంగతి గాలి దశలోనే చూసుకోవాలి. మొక్కలు వేళ్లు వేస్తున్న వారాల్లో ఫిల్టర్‌ను ఒక బకెట్ నీటికి తగిలించి, అమోనియా చుక్కలు వేస్తూ విడిగా నడిపితే, నింపే రోజుకు అది సిద్ధంగా ఉంటుంది. ఇప్పటికే నడుస్తున్న మరో ట్యాంకు నుంచి పాత స్పాంజి తెచ్చి పెట్టడం ఇంకా సులభం. ఈ ఏర్పాటు లేకపోతే నింపిన తరువాత కూడా చేపల కోసం మరికొన్ని వారాలు ఆగవలసి వస్తుంది. ఆ లెక్కన డ్రై స్టార్ట్ చేపలు వదిలే రోజును దగ్గరికి తేదు. ఆ నిరీక్షణలో పెద్ద భాగాన్ని, ఆల్గేతో పోరాడవలసిన దశ నుంచి ప్రశాంతంగా గడిచే దశకు మార్చుతుంది. వరుసగా కొన్ని రోజులు అమోనియా, నైట్రైట్ పరీక్షలు రెండూ సున్నా చూపించాక, కార్బన్ డయాక్సైడ్‌ను చేపలు తట్టుకోగల స్థాయికి తగ్గించి, ముందుగా ఆల్గేను తినే అమానో రొయ్యలను కొద్ది సంఖ్యలో వదలవచ్చు. మట్టిని తవ్వే అలవాటున్న చేపలను మాత్రం కార్పెట్ నీటిలో కొత్త ఆకులతో ఒకసారి పూర్తిగా నిండి, కనీసం ఒక కత్తిరింపును తట్టుకున్న తరువాతే చేర్చాలి.